పాత ఫొటోలు స్కాన్ చేసి పంపితే రంగులు ఎందుకు చెదిరిపోతున్నాయి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఆల్బమ్‌లోని పాత కలర్ ఫొటోలు ఎర్రబారిపోయాయి. వాటిని ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) నేరుగా జేపెగ్‌గా స్కాన్ చేశారు. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఆటో కలర్ సవరణ వాడారు. మీ తెర మీద బాగానే ఉన్నాయి. వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకు వెలిసిపోయినట్టు, మసగ్గా కనిపించాయి. ప్రింటు వేయిస్తే చీకటిగా వచ్చింది. లోపం స్కానింగ్‌లోనా, పంపడంలోనా, ఎడిటింగ్‌లోనా?

మూడింటిలోనూ కొంత కొంత ఉంది. చేయాల్సింది ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

ప్రింట్లను 600 డీపీఐలో, 48 బిట్ కలర్‌లో, టిఫ్‌గా (నాణ్యత పోకుండా దాచే ఫైలు రకం) స్కాన్ చేయండి. ఆటో సవరణలన్నీ ఆపేయండి. ఆ టిఫ్‌ను ముట్టుకోకుండా దాచి, దాని కాపీ మీద రంగులు దిద్దండి. దిద్దిన కాపీ నుంచి ఎస్‌ఆర్‌జీబీలోకి (చాలా ఫోన్లూ తెరలూ వాడే రంగుల ప్రమాణం) మార్చిన జేపెగ్ తీసి, దాన్ని ‘ఫొటో’గా కాకుండా ‘డాక్యుమెంట్’గా పంపండి. ప్రింటు చీకటిగా రావడానికి కారణం చాలావరకు మీ మానిటర్ వెలుగు ఎక్కువగా ఉండటమే.

అంటే మళ్లీ స్కాన్ చేయక తప్పదు. ఉన్న జేపెగ్‌లను ఎంత దిద్దినా మీరు కోరుకున్న ఫలితం రాదు. ఎందుకో చూద్దాం.

8 బిట్‌లో ఏం పోతుంది

చిత్రంలో రెడ్, గ్రీన్, బ్లూ అనే మూడు రంగుల పొరలు ఉంటాయి, వాటినే ఛానెళ్లంటారు. మామూలు జేపెగ్‌లో ఒక్కో ఛానెల్‌కు 8 బిట్లు, అంటే 256 మెట్లు. వెలిసిన ఫొటోలో కాంట్రాస్ట్ తగ్గిపోయి ఉంటుంది కాబట్టి రెడ్ ఛానెల్ మొత్తం 90 నుంచి 210 లోపే ఉందనుకోండి. వాడకంలో ఉన్నవి 120 మెట్లే. దాన్ని 0 నుంచి 255 దాకా సాగదీస్తే ఆ 120 మెట్లే దూరం దూరంగా జరుగుతాయి, మధ్యలో కొత్తవి పుట్టవు. ఆకాశం, ఖాళీ గోడ, చెంపల మీద నీడ లాంటి చోట్ల పట్టీలు పట్టీలుగా కనిపించేది ఇందుకే. 16 బిట్‌లో మెట్లు 65,536. అదే వెడల్పులో 30 వేలకు పైగా ఉంటాయి. స్కానర్ సెన్సర్‌లో నాయిస్ (చిత్రంలో లేని చుక్కల గందరగోళం) ఉంటుంది కాబట్టి అన్నీ పనికొచ్చే మెట్లు కావు, అయినా సాగదీయడానికి సరిపోయినన్ని మిగులుతాయి. మెనూలో 48 బిట్ కలర్ అని కనిపించేది ఇదే: మూడు ఛానెళ్లు, ఒక్కోదానికి 16.

జేపెగ్‌తో ఇంకో నష్టం ఉంది. అది చిత్రాన్ని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. పైగా చాలా సాఫ్ట్‌వేర్లు రంగు సమాచారాన్ని నాలుగు పిక్సెళ్లకు ఒక్కటి చొప్పునే దాస్తాయి. మామూలుగా చూస్తే కంటికి తెలియదు. వెలిసిన రెడ్ ఛానెల్‌ను రెండింతలు సాగదీసిన మరుక్షణం ఆ గళ్లు పైకి తేలతాయి. స్కానర్ నుంచి నేరుగా జేపెగ్ తీయొద్దనేది ఇందుకే.

డీపీఐ లెక్క

6×4 అంగుళాల ప్రింటు 300 డీపీఐలో 1800×1200, అంటే 21.6 లక్షల పిక్సెళ్లు. 600లో 86.4 లక్షలు, 48 బిట్ టిఫ్ సుమారు 52 ఎంబీ అవుతుంది. 1200కి వెళితే ఫైలు 207 ఎంబీ దాకా పెరుగుతుంది. కొత్తగా దొరికేది మాత్రం చాలాసార్లు కాగితపు గరుకూ, దుమ్మూ. మామూలు ల్యాబ్ ప్రింట్లలో 600కు మించిన వివరం దాదాపు ఉండదు.

చిన్న ఫొటోను పెద్దది చేయాలంటే లెక్క మారుతుంది. కావలసిన ప్రింటు పొడవును 300తో గుణించి అసలు ఫొటో పొడవుతో భాగించండి. 2 అంగుళాల ఫొటోను 8 అంగుళాలుగా వేయాలంటే 1200 డీపీఐ.

నెగెటివ్‌లు దొరికితే ప్రింట్ల కంటే ముందు వాటినే స్కాన్ చేయండి. 24×36 మిల్లీమీటర్ల ఫ్రేము 3200 డీపీఐలో దాదాపు 4535×3024 పిక్సెళ్లు ఇస్తుంది. కానీ డబ్బా మీద రాసిన 6400, 9600 లాంటి అంకెలను నమ్మి లెక్కలు వేయకండి. ‘ఇంటర్‌పొలేటెడ్’ అన్నది సాఫ్ట్‌వేర్ కల్పించిన పిక్సెళ్లు. ‘ఆప్టికల్’ అన్నదాంట్లో కూడా ఫ్లాట్‌బెడ్ లెన్సు నిజంగా విడదీసి చూపే వివరం చాలాసార్లు సగం కంటే తక్కువే. నెగెటివ్‌లకు స్కానర్ మూతలో లైటు ఉండాలి. అది లేని స్కానర్ మీద ఫిల్మ్ పెట్టి లాభం లేదు.

మీ స్కానర్ సన్నగా, యూఎస్‌బీ కేబుల్ నుంచే కరెంటు తీసుకునే రకమైతే అది దాదాపు ఖాయంగా సీఐఎస్ సెన్సర్‌ది (గాజుకు దగ్గరగా ఉండి చిత్రాన్ని చదివే రకం). గాజుకు ఒక మిల్లీమీటరు పైకి లేచినా దానికి ఫోకస్ పోతుంది. మెలితిరిగిన పాత ఫొటోల అంచులు మసగ్గా వస్తున్నాయంటే కారణం ఇదే కావొచ్చు. ఫొటోను కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలతో రెండు మూడు రోజులు ఉంచి చదును చేశాక స్కాన్ చేయండి. మూత గట్టిగా నొక్కితే పెళుసెక్కిన ఎమల్షన్ (చిత్రం ఉండే పై పొర) పగులుతుంది. సీసీడీ రకంలో అద్దాలూ లెన్సూ ఉంటాయి కాబట్టి కొన్ని మిల్లీమీటర్ల ఎత్తు తేడాను తట్టుకుంటుంది.

ఏవి ఆపాలి, ఏది ఉంచాలి

ఇక్కడ చాలామంది పొరపడతారు. ఆపాల్సినవి: ఆటో ఎక్స్‌పోజర్, కలర్ రీస్టోరేషన్, షార్పెనింగ్, దుమ్ము తొలగింపు, బ్యాక్‌లైట్ సవరణ. ఉంచాల్సింది కలర్ మేనేజ్‌మెంట్. దాంట్లో సోర్స్ దగ్గర స్కానర్ ప్రొఫైల్ (ఏ అంకె ఏ రంగో చెప్పే వివరం), టార్గెట్ దగ్గర అడోబీ ఆర్‌జీబీ (ఎస్‌ఆర్‌జీబీ కంటే విశాలమైన రంగుల ప్రమాణం) పెట్టండి. దీన్ని కూడా ఆపేస్తే వచ్చేవి స్కానర్ సొంత అంకెలు. అవి ఏ రంగును చెబుతున్నాయో ఏ సాఫ్ట్‌వేర్‌కూ తెలియదు.

ప్రివ్యూ చేశాక ఫొటో తెల్ల అంచును వదిలేసి, లోపలి భాగం మాత్రమే ఎంచుకుని హిస్టోగ్రామ్ (ఏ వెలుగు మెట్టులో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే గ్రాఫ్) చూడండి. ఏ ఛానెల్ కూడా 0 దగ్గరో 255 దగ్గరో గోడకు ఆనుకున్నట్టు తెగిపోకూడదు. రెండు పక్కలా కొంచెం ఖాళీ ఉండాలి. చిత్రం చప్పగా, పొగపట్టినట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి, అలాగే ఉండాలి. స్కాన్ పని సమాచారాన్ని పట్టుకోవడమే. అందం తర్వాత.

ట్యూబు లైటు ఉన్న పాత స్కానర్ అయితే 10–15 నిమిషాలు వేడెక్కనివ్వండి, ఎల్‌ఈడీ అయితే అక్కర్లేదు. గాజు తుడిచే ద్రవం గుడ్డ మీద వేయాలి, గాజు మీద కాదు. సందుల్లోంచి లోపలికి దిగితే మరక అక్కడే ఉండిపోతుంది. ఫొటో మీద మాత్రం ఏ ద్రవమూ వద్దు, గాలి బల్బూ మెత్తటి కుంచే చాలు.

గరుకు కాగితం మీద వేసిన ఫొటోలు, తేనెతుట్టె గళ్లలాంటి ఉపరితలం ఉన్నవి, స్కాన్‌లో తెల్లటి చుక్కలతో నిండిపోతాయి. స్కానర్ లైటు ఒక పక్క నుంచే పడటం దీనికి కారణం. ఫొటోను 180 డిగ్రీలు తిప్పి రెండోసారి స్కాన్ చేయండి. రెండో స్కాన్‌ను తిరిగి నిలబెట్టి, మొదటిదాని మీద సరిగ్గా కూర్చోబెట్టి, పై లేయర్‌ను ‘డార్కెన్’ మోడ్‌లో (రెండింట్లో ముదురుగా ఉన్నదాన్నే చూపేది) ఉంచండి. మెరుపులు ఒక్కో స్కాన్‌లో ఒక్కో పక్కన పడతాయి కాబట్టి చాలావరకు మాయమవుతాయి.

ఎర్రదనం తీయడం

మీ అసలు బాధ ఇదే కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను. కలర్ ప్రింటులో మూడు వర్ణకాలు ఉంటాయి: సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు. పాత కాగితాల్లో చీకట్లో, ఆల్బమ్‌లో ఉన్నా సరే, ముందుగా చెడిపోయేది ఎక్కువగా సయాన్. సయాన్ పని ఎర్ర కాంతిని పీల్చుకోవడం. అది తగ్గిపోయాక నల్లగా ఉండాల్సిన చోట్ల నుంచి కూడా ఎరుపు తిరిగి వస్తుంది. అందుకే మీ ఫొటోల్లో నీడలు, జుట్టు మరీ ఎర్రగా ఉంటాయి. ఫొటో అంతా ఒకేలా ఎరుపు పులుముకోలేదు. రెడ్ ఛానెల్‌లో నలుపు పైకి లేచింది. కలర్ బ్యాలెన్స్ స్లైడర్‌తో మొత్తం మీద ఎరుపు తగ్గిస్తే నీడలు బాగుపడకముందే తెల్లటివి ఆకుపచ్చగా, నీలంగా మారిపోవడానికి కారణం ఇదే.

సరైన దారి లెవెల్స్‌లో (నలుపు, మధ్య, తెలుపు స్లైడర్లుండే ఎడిటర్ పనిముట్టు) ఒక్కో ఛానెల్‌ను విడిగా దిద్దడం. అంచు కత్తిరించిన కాపీ తెరవండి. రెడ్ ఎంచుకోండి. హిస్టోగ్రామ్ 70 దగ్గర మొదలైతే నల్ల స్లైడర్‌ను 66–68 దాకా తీసుకురండి. కుడివైపు 235 దగ్గర అయిపోతే తెల్ల స్లైడర్‌ను 238 దగ్గర ఆపండి. గ్రీన్‌కూ, బ్లూకూ ఇదే చేయండి. వాటి మొదళ్లు వేరే చోట ఉంటాయి, 30, 45 అలా. ఈ ఒక్క పనితో ఎర్రదనంలో చాలా భాగం పోతుంది.

తర్వాత మధ్య స్లైడర్. ఫొటోలో బూడిద రంగుగా ఉండి తీరాలనిపించేది ఒకటి వెతకండి: సిమెంటు నేల, రోడ్డు, తెల్ల చొక్కా నీడ. ఐడ్రాపర్‌తో అక్కడి అంకెలు చూడండి. రెడ్, గ్రీన్, బ్లూ వరసగా 150, 132, 128 ఉంటే ఎరుపు ఇంకా మిగిలినట్టే. రెడ్ మధ్య స్లైడర్‌తో దాన్ని మిగతా రెంటి దగ్గరకు దించండి. తెల్ల చొక్కా వెలుగులో మూడు ఛానెళ్లూ 235–240 మధ్య ఉంటే చాలు. 255కి తోస్తే నేత కనిపించదు.

మనుషుల చర్మానికి ఒక నియమం పెట్టుకోండి: మామూలు పగటి వెలుగులో ఎలాంటి ఛాయ అయినా రెడ్ ఎక్కువ, గ్రీన్ దానికంటే తక్కువ, బ్లూ అన్నింటికంటే తక్కువ. చెంప మీద 185, 138, 110 లాంటి వరస సహజంగా ఉంటుంది. బ్లూ వెళ్లి గ్రీన్‌ను దాటితే ముఖం గులాబీ, ఊదా వైపు పోతోందన్నమాట. కళ్లు ఐదు నిమిషాల్లో తప్పు రంగుకు అలవాటు పడిపోతాయి, అంకెలు పడవు.

నీడల్లో ఎరుపు, వెలుగుల్లో పచ్చదనం ఒకేసారి కనిపిస్తే లెవెల్స్ సరిపోదు. కర్వ్స్‌లో (గీతను వంచి వెలుగులు దిద్దే పనిముట్టు) ఒక్కో ఛానెల్‌కు మూడు బిందువులు పెట్టి, నీడ, మధ్య, వెలుగు వేర్వేరుగా జరపాలి. శాచురేషన్ (రంగుల చిక్కదనం) జోలికి మాత్రం అన్నీ అయ్యాకే వెళ్లండి. ఎర్రదనం ఉండగానే దాన్ని పెంచితే మొదట పెరిగేది ఎర్రదనమే.

మరీ చెడిపోయిన ఫొటోలకు ఒక ఉపాయం ఉంది. మెజెంటా మిగిలి ఉందంటే గ్రీన్ ఛానెల్‌లో వివరం భద్రంగా ఉన్నట్టు, ఎందుకంటే మెజెంటా పట్టి ఉంచేది ఆకుపచ్చ కాంతినే. గ్రీన్ ఛానెల్‌ను బూడిద రంగు లేయర్‌గా కాపీ చేసి, పైన ‘ల్యూమినాసిటీ’ మోడ్‌లో (రంగును వదిలి వెలుగును మాత్రమే మార్చేది) 30–50 శాతం అపాసిటీతో (లేయర్ ఎంత గట్టిగా కనిపించాలో చెప్పేది) పెట్టండి. రెడ్ ఛానెల్‌లోని నాయిస్ అణిగి, ముఖాల్లో వివరం తిరిగి వస్తుంది. రెడ్ ఛానెల్‌లో 40 మెట్లు కూడా లేకపోతే సాగదీసినకొద్దీ వచ్చేది ఇసుకపొడి లాంటి నాయిసే. అలాంటి ఫొటోను గ్రీన్ ఛానెల్ నుంచి నలుపు తెలుపు చేయడమే దానికి న్యాయం. అబద్ధపు రంగుల కంటే అది నయమని నా గట్టి అభిప్రాయం.

నలుపు తెలుపు ఫొటో పసుపుబారితే దాన్ని కూడా కలర్‌లోనే స్కాన్ చేసి, రెడ్ ఛానెల్ ఒక్కటే ఉంచుకోండి. పసుపు మరక నీలాన్ని పీల్చుకుంటుంది, ఎరుపును వదిలేస్తుంది. అందుకే రెడ్ ఛానెల్‌లో మరక దాదాపు కనిపించదు.

ఇన్‌ఫ్రారెడ్ దుమ్ము తొలగింపు కలర్ నెగెటివ్‌ల మీద బాగా పనిచేస్తుంది. వెండి ఉన్న మామూలు నలుపు తెలుపు ఫిల్మ్ మీద వాడకండి. వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా ఆపేస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ చిత్రాన్నే దుమ్మనుకుని చెరిపేస్తుంది.

వెలిసిపోయినట్టు కనిపించడం: ప్రొఫైల్ తంటా

ఆర్‌జీబీ అంకెలు వాటంతట అవి రంగు కావు. 0, 255, 0 అన్న ఆకుపచ్చ ఎస్‌ఆర్‌జీబీలో ఒకటి, అడోబీ ఆర్‌జీబీలో అంతకంటే చిక్కనిది. అడోబీ ఆర్‌జీబీ ఫైలును ప్రొఫైల్ లేకుండా పంపితే అవతలి ఫోను ఆ అంకెలను ఎస్‌ఆర్‌జీబీగా చదువుతుంది. రంగులన్నీ చప్పబడతాయి. మీ వర్ణన చూస్తే ఇదే జరిగి ఉండవచ్చు.

ఎడిటర్‌లో రెండు ఆజ్ఞలు ఉంటాయి. ‘అసైన్’ అంకెలను అలాగే ఉంచి అర్థాన్ని మారుస్తుంది, కాబట్టి కనిపించే రంగు మారుతుంది. ‘కన్వర్ట్’ కనిపించే రంగును వీలైనంత నిలిపి అంకెలను మారుస్తుంది. పంపే ముందు కావాల్సింది కన్వర్ట్. ఇక్కడ అసైన్ నొక్కితే చప్పదనాన్ని మీ చేతులతో మీరే ఫైలులో ముద్రించినట్టవుతుంది. కన్వర్ట్ చేశాక సేవ్ చేసేటప్పుడు ప్రొఫైల్‌ను ఫైలులో పొదిగే గడికి టిక్ పెట్టండి. ఎస్‌ఆర్‌జీబీనే ఎందుకంటే, దారిలో ఎవరైనా ప్రొఫైల్‌ను ఊడగొట్టినా చాలా పరికరాలు ప్రొఫైల్ లేని ఫైలును ఎస్‌ఆర్‌జీబీగానే చదువుతాయి.

స్కానర్‌కు సొంత ప్రొఫైల్ తయారు చేసుకోవడానికి ఐటీ8 టార్గెట్ కార్డులు (కొలతలు తెలిసిన రంగుల గళ్లున్నవి) దొరుకుతాయి. ప్రింట్లకు ఐటీ8.7/2, పారదర్శక ఫిల్మ్‌కు ఐటీ8.7/1. పెయింటింగులు, డాక్యుమెంట్లు ఉన్నది ఉన్నట్టు రావాలంటే అవి కావాల్సిందే. వెలిసిన ఫొటోలకు పెద్దగా అక్కర్లేదు. ఉన్న రంగే తప్పయినప్పుడు దాన్ని ఖచ్చితంగా పట్టుకుని సాధించేది తక్కువ.

చీకటి ప్రింటు

చాలా మానిటర్లు పూర్తి బ్రైట్‌నెస్‌లో చదరపు మీటరుకు 250–350 క్యాండెలాల (వెలుగు కొలత) వెలుగు ఇస్తాయి. ప్రింటుతో పోల్చే పనికి 80–120 చాలు. వెలుగెక్కువ తెర మీద ఫొటో బాగానే ఉందనిపించి మనం దాన్ని ముదురుగా వదిలేస్తాం. కాగితానికి సొంత వెలుగు లేదు, నీడలన్నీ మూసుకుపోతాయి. క్యాలిబ్రేటర్ (తెరను కొలిచి సరిచేసే పరికరం) ఉంటే వెలుగు 120 క్యాండెలాలు, తెలుపు 6500 కెల్విన్, గామా (మధ్య టోన్ల వెలుగు) 2.2 పెట్టండి. లేకపోతే ఒక తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకుని, తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, రెండూ ఇంచుమించు ఒకే వెలుగులో కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. ఇది మోటు పద్ధతే, కానీ చీకటి ప్రింట్ల సమస్యను చాలావరకు తీరుస్తుంది. నైట్ లైట్ లాంటి పసుపు ఫిల్టర్ ఆన్‌లో ఉండగా రంగులు దిద్దకండి.

పంపడం

చిత్రాన్ని దూరం పంపాలంటే ఏదో ఒకటి వదులుకోవాల్సి రావడం కొత్తేమీ కాదు. 1920లలో లండన్, న్యూయార్క్ మధ్య సముద్రగర్భ కేబుల్ మీద పత్రికా చిత్రాలు పంపిన బార్ట్‌లేన్ పద్ధతిలో మొదట టోన్లు ఐదే, 1929 నాటికి 15 అయ్యాయి. ఇప్పుడు ఏం వదులుకోవాలో మీరే నిర్ణయించుకోవచ్చు. యాప్‌కు వదిలేస్తే అది మీ తరఫున నిర్ణయిస్తుంది.

వాట్సాప్‌లో మామూలు నాణ్యతలో ఫొటోగా పంపితే అది పొడవు వైపును సుమారు 1600 పిక్సెళ్లకు తగ్గించి, మళ్లీ జేపెగ్‌గా కుదిస్తుంది. మీరు కుదించినది, అది కుదించినది కలిసి అంచుల చుట్టూ ముసురు పడుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు బైటు తేడా లేకుండా చేరుతుంది. టెలిగ్రామ్‌లోనూ ‘ఫైల్’ ఎంపిక అలాంటిదే. జేపెగ్ నాణ్యత 100లో 90 చాలు. రంగు కుదింపు అడిగితే 4:4:4 (రంగు సమాచారం తగ్గించనిది) ఎంచుకోండి, ఎర్రటి అంచులు చెదరవు.

ఈమెయిల్‌లో అటాచ్‌మెంటును అక్షరాలుగా మార్చి పంపుతారు, ప్రతి 3 బైట్లు 4 అవుతాయి. అందుకే 25 ఎంబీ పరిమితి ఉన్నా 18 ఎంబీ దాటిన ఫైలు ఇబ్బంది పెడుతుంది. టిఫ్‌లను క్లౌడ్ లింకు ద్వారానే ఇవ్వండి. 16 బిట్ టిఫ్‌కు ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపు వద్దు, చాలాసార్లు ఫైలు తగ్గకపోగా పెరుగుతుంది. జిప్ కుదింపు వాడండి, నాణ్యత పోదు.

మీ విషయంలో తప్పు ఎక్కడుందో తేల్చుకోవడానికి ఒక జేపెగ్‌ను రెండు రకాలుగానూ పంపి, అవతలివాళ్లను ఫైలు వివరాలు చూడమనండి. పిక్సెళ్లు తగ్గితే నష్టం దారిలో జరిగింది. పిక్సెళ్లూ సైజూ అలాగే ఉండి రంగు మాత్రం మారితే ప్రొఫైల్‌నో, ఎవరిదో ఒకరి తెరనో అనుమానించాలి. మొత్తం ఆల్బమ్ మొదలుపెట్టే ముందు బాగా ఎర్రబారిన ఫొటో ఒక్కటి పైన చెప్పినట్టు మళ్లీ స్కాన్ చేసి, మూడు ఛానెళ్ల హిస్టోగ్రామ్‌లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో ఇక్కడ రాయండి. ఆ ఆరు అంకెలు చూస్తే మీ బ్యాచ్ మొత్తానికీ పనికొచ్చే లెవెల్స్ సెట్టింగ్ చెప్పగలను. ఒకే ఆల్బమ్‌లో, ఒకే కాలపు కాగితం మీద ఉన్న ఫొటోలు సాధారణంగా ఒకేలా వెలుస్తాయి.